షోకేసులోని పళ్లెం ఎవరికోసం?

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో చాలా ఇళ్లలో ముందుగది గోడకు ఒక అద్దాల షోకేసు ఉంటుంది. అందులో పెళ్లి ఫొటో, పిల్లలకు బడిలో వచ్చిన బహుమతులు, వాక్యం రాసిన పటం, వాటి పక్కన పువ్వుల అంచున్న డిన్నర్ సెట్ కనిపిస్తాయి. ఆ సెట్ సాధారణంగా ఊళ్లో కొన్నది కాదు. దుబాయి నుంచో, మస్కట్ నుంచో, సౌదీ నుంచో ఇంటి మనిషి వస్తూ వస్తూ దుప్పట్ల మధ్య భద్రంగా చుట్టి తెచ్చింది. పన్నెండు పళ్లేలు, పన్నెండు గిన్నెలు, అన్నానికి ఒక పెద్ద పాత్ర, కూరకు మూతపెట్టిన దొన్నెలాంటి పాత్ర. ఒక్కటీ పగల్లేదు. పగలడానికి అవి షోకేసు దిగితే కదా!

ప్రార్థన కూడికల నిమిత్తం ఈ మధ్య మేము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో కొన్ని ఇళ్లకు వెళ్లాం. మూడు చోట్లా మాకు మంచి భోజనం దొరికింది. ఆ భోజనంతోపాటు మా మనస్సాక్షిని గుచ్చిన ఒక ప్రశ్న కూడా దొరికింది. అదే ఈ వారం పాఠకులతో పంచుకుంటున్నాం.

కోరుట్లలో మేము వెళ్లిన ఇంటి తల్లి బీడీలు చుడుతుంది. మేము వెళ్లేసరికి ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మమ్మల్ని చూడగానే చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, షోకేసు తాళం తీసింది. పళ్లేలు దించి, కడిగి, కొత్త తువ్వాలుతో తుడిచింది. అన్నం, కోడికూర, పచ్చిపులుసు వేర్వేరు పాత్రల్లో అమర్చి, గరిటెలు పెట్టి, బల్లమీద ఎంతో పొందికగా సర్దింది. అదే అన్నం, అదే కూర. కాని ఆ పాత్రల్లోకి వచ్చేసరికి వాటికొక పండుగ కళ వచ్చింది. మాకు చాలా సంతోషం కలిగింది.

అయితే మేము తింటుండగా ఆమె పిల్లలు వంటింటి గడప దగ్గర స్టీలు పళ్లేల్లో తింటున్నారు. మేము లేచాక ఆ పింగాణీ పళ్లేలు కడిగి మళ్లీ షోకేసులో పెట్టేసింది. ఆ తర్వాతే ఆమె గిన్నె అడుగున మిగిలిన అన్నంలో ఇంత పులుసు కలుపుకుని, ఆ గిన్నెలోనే తినడానికి కూర్చుంది. ఆమె భర్త పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడట. ఆ పళ్లేల్లో మీరెప్పుడైనా తిన్నారా అమ్మా అని అడిగాం. ఆమె నవ్వి, "మాకెందుకయ్యగారూ, అవి సుట్టాలకు" అంది.

ఆ మాట మమ్మల్ని చాలా దూరం వెంటాడింది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. భోజనాన్ని అందంగా వడ్డించడం తప్పు కాదు. విశ్వాసులు అలంకారానికి దూరంగా ఉండాలని, అన్నం ఏ గిన్నెలో తింటే ఏమిటని కొందరు వాదిస్తారు. అది సగం సత్యమే. దేవుడు మోషేకు ప్రత్యక్ష గుడారపు నమూనా ఇచ్చినప్పుడు రొట్టెలుంచే బల్ల గురించి చెప్పి ఊరుకోలేదు. ఆ బల్లమీద ఉండాల్సిన పళ్లేలు, గిన్నెలు, పాత్రలు ఎలా ఉండాలో కూడా చెప్పాడు (నిర్గమకాండము 25:29). ఎడారిలో గుడారాల కింద బతుకుతున్న జనానికి దేవుడు పళ్లేల సంగతి చెప్పాడంటే, అందానికి ఆయన వ్యతిరేకి కాడని అర్థం కావడంలేదా?

యేసుప్రభువు ఐదువేల మందికి ఆహారం పెట్టిన రోజున అక్కడ పళ్లేలే లేవు. అయినా ఆయన జనాన్ని ఎగబడి లాక్కుని తిననివ్వలేదు. పచ్చికమీద నూరేసి మందిని, యాభయ్యేసి మందిని వరుసలుగా కూర్చోబెట్టాడు (మార్కు 6:39,40). అంటే పేదవాడి భోజనానికి కూడా ఒక క్రమం, ఒక మర్యాద ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఆకలి తీర్చడం ఒక ఎత్తు. ఆకలిగొన్నవాడి గౌరవం నిలబెట్టి ఆకలి తీర్చడం మరో ఎత్తు. ప్రభువు రెండోది చేశాడు.

మన పెద్దలకు కూడా ఈ మర్యాద తెలుసు. డిన్నర్ సెట్లు రాకముందే మన పల్లెల్లో కంచు పళ్లేలు, ఇత్తడి చెంబులు, మోదుగాకు ఇస్తార్లు ఉండేవి. ఎండాకాలం మోదుగాకులు తెంపి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి కట్టలు కట్టి దాచుకునేవారు. శుభకార్యం వస్తే ధనికుడికీ పేదకూ అదే ఇస్తారి. తిన్నాక కడిగే పని లేదు, దాచే పని లేదు. కాస్త స్థోమత ఉన్నవారు తమలపాకులు, అత్తరు అందించడానికి కరీంనగర్ వెండి తీగపని పళ్లేలు వాడేవారు. సన్నని వెండి తీగను మెలితిప్పి, పువ్వులుగా ఆకులుగా అల్లే ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కాబట్టి వడ్డనలో అందం మనకు గల్ఫ్ నుంచి దిగుమతి అయ్యింది కాదు. అతిథికి ఎదురెళ్లి కాళ్లకు నీళ్లిచ్చే సంస్కారంలో అది ముందునుంచీ ఉంది.

మరి లోపం ఎక్కడుంది? పాత్రలో లేదు. ఆ పాత్ర ఎవరి ముందు పెడుతున్నాం, ఎవరి ముందు పెట్టడంలేదు అన్న దానిలో ఉంది.

జగిత్యాలలో మేము కలిసిన కుటుంబం తమ అనుభవం ఒకటి చెప్పింది. కరోనా కాలంలో, 2020లో, ఆ ఇంటి కొడుకు పని పోగొట్టుకుని ప్రత్యేక విమానంలో తిరిగొచ్చాడు. నిబంధన ప్రకారం పద్నాలుగు రోజులు విడిగా ఒక గదిలో ఉన్నాడు. తల్లి గది బయట కాగితపు పళ్లెంలో అన్నం పెట్టి దూరంగా జరిగేది. రోగభయం కాబట్టి అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. గడువు ముగిశాక అతడు ఇంట్లో అందరితో కూర్చున్న మొదటి పూట, తల్లి అలవాటు ప్రకారం స్టీలు పళ్లెం పెట్టింది. అతడు షోకేసు వైపు చూసి, "అవ్వా, నేను గూడ సుట్టపోన్నే గదా! రెండేండ్లకోపారి వస్తున్న. ఈ పొద్దన్న ఆ పళ్లెంల పెట్టరాదూ" అన్నాడట.

ఆ సెట్ అతడే తెచ్చాడు. దాన్ని కొన్నప్పుడు అతడు ఒక గదిలో పది పన్నెండు మందితో కలిసి ఉండేవాడు. నేలమీద పాత పేపరు పరుచుకుని, ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని, వంతులవారీగా వండుకున్నది తినేవాడు. మా అవ్వ, నా భార్యాపిల్లలు మంచి పళ్లేల్లో తినాలి అన్న ఆశతో అతడు తన ఓవర్‌టైం డబ్బు పెట్టి కొన్నాడు. ఆరేళ్లలో ఆ పళ్లేల్లో ఊళ్లోని పెద్దమనుషులు తిన్నారు, బంధువులు తిన్నారు, మాలాంటి సేవకులు తిన్నారు. తెచ్చినవాడు తినలేదు. ఎవరికోసం తెచ్చాడో వాళ్లూ తినలేదు. ఆ పూట ఆ తల్లి ఏడుస్తూ పన్నెండు పళ్లేలూ దించి, ఇంటిల్లిపాదికీ వాటిలోనే వడ్డించిందట. అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు, అంతే. "అట్లాంటి పండుగ మా ఇంట్ల మల్ల జరగలే" అని ఆమె మాతో చెప్పింది.

ఆలోచించండి. మనం బయటివారి మెప్పుకోసం దాచిన గౌరవాన్ని ఇంట్లోవారికి ఒక్కరోజైనా ఖర్చుపెట్టామా? అతిథితో మృదువుగా మాట్లాడి, భార్యతో కసురుకుంటాం. సంఘ పెద్దకు కుర్చీ తుడిచి వేసి, ముసలి తండ్రికి మూలకు పడేసిన సొట్ట పళ్లెం చూపిస్తాం. మంచి పళ్లేలు, మంచి మాటలు, మంచి ముఖం అన్నీ షోకేసులోనే ఉంటాయి. తాళం మన దగ్గరే ఉంటుంది!

ఇంట్లోవారి సంగతి ఇలా ఉంటే, ఇంటికి పనిమీద వచ్చేవారి సంగతి ఏమిటి? సిరిసిల్లలో జరిగింది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది. అయినా చెప్పకపోతే పై మాటలన్నీ వేషధారణే అవుతాయి. మేము భోజనం చేస్తున్న ఇంటికి మధ్యాహ్నం ఒక కార్మికుడు మరమగ్గాల షెడ్డు నుంచి ఏదో పనిమీద వచ్చి, దాహమని మంచినీళ్లు అడిగాడు. మా ముందు మెరిసే గాజు గ్లాసులున్నాయి. అతడికి కిటికీ గట్టుమీద బోర్లించి పెట్టిన ఒక స్టీలు గ్లాసులో నీళ్లిచ్చారు. అతడు తాగి, తనే కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి వెళ్లాడు. ఎవరూ ఏమీ అనలేదు. మేము కూడా ఏమీ అనలేదు! చేతిలో బైబిలు ఉంది, ముందు విందు ఉంది, నోట్లో మాట మాత్రం లేదు.

ఆ కార్మికుడు ఎవరు? పగటి పాళీ, రాత్రి పాళీ అని రోజుకు పన్నెండు గంటలు మగ్గాల హోరులో నిలబడి గుడ్డ నేసేవాడు. 2017 నుంచి కొన్నేళ్లపాటు తెలంగాణ ఆడబిడ్డలకు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో చాలావరకు సిరిసిల్ల మగ్గాలమీదే తయారయ్యాయి. పండుగనాడు ఎందరి ఒంటిమీదనో అందంగా నిలిచిన చీరను నేసిన చెయ్యి అది. ఆ చేతికి మనం మంచి గ్లాసు ఇవ్వలేకపోయాం.

హోటళ్లలో అందరికోసం ఉంచిన పాత్రలను అంటరానితనం పేరుతో ఒకరికి వాడనివ్వకపోవడం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. ఈ నేలమీద ఆత్మగౌరవం కోసం జరిగిన పోరాటాలూ తక్కువేం కాదు. వెట్టికి, దొరల పెత్తనానికి వ్యతిరేకంగా 1978 సెప్టెంబరు 7న వేలాది రైతుకూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర చేశారు. అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరాట మార్గాలమీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. కాని దోసిలి పట్టి నీళ్లు తాగిన తరాల బాధ ఎంతటిదో ఈ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. మరి చట్టం హోటల్లో తీసేయించిన గ్లాసు మన ఇంటి కిటికీ గట్టుమీదికి ఎలా వచ్చింది? 'అది వేరే ఉద్దేశంతో పెట్టింది కాదండీ, శుభ్రత కోసం' అంటాం. శుభ్రత కోసమైతే అన్ని గ్లాసులనూ ఒకేలా కడిగితే సరిపోతుంది కదా!

క్రైస్తవ సంఘం ఈ విషయంలో ఇతరులకు నీతులు చెప్పే స్థితిలో లేదు. తమిళనాట కొన్ని సంఘాల్లో ప్రభుభోజన సంస్కారం దగ్గరే కులాన్నిబట్టి తేడాలు పాటిస్తుంటే, అవి ఆగిపోవాలని 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఆదేశించాల్సి వచ్చింది. దాన్ని ఒప్పుకోలేక ఎందరో సంఘాలనే విడిచి వెళ్లారు. రక్షకుడు కావాలి గాని పక్కవాడితో పాత్ర పంచుకోవడం మాత్రం కష్టమైపోయింది. తేడాలు కులానివే కాదు, రంగువి కూడా. తర్వాతి కాలంలో దోర్నకల్ బిషప్‌గా తెలుగు గ్రామాల్లో సేవ చేసిన వి.ఎస్.అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. మిషనరీల త్యాగాలను కొనియాడుతూనే, భారతీయ సహోదరులతో వారికి నిజమైన స్నేహం కొరవడిందని, ఇంటికి పిలిచి తమతో సమానంగా కూర్చోబెట్టుకోవడం అరుదైపోయిందని నిర్మొహమాటంగా చెప్పారు. సభలో చాలామందికి ఆ మాటలు రుచించలేదు. అయినా వందేళ్లు దాటాక ఆ మహాసభ నుంచి ఈనాటికీ జనం గుర్తుచేసుకునే ప్రసంగాల్లో అదొకటి!

ఆనాడు తెల్లవారికి చెప్పిన ఆ మాట ఈనాడు మన ప్రేమవిందులకు వర్తించదా? సభలు ముగిశాక దైవజనులకు, అతిథులకు, కానుకలిచ్చిన పెద్దలకు లోపలి గదిలో బల్లలు, గాజు పాత్రలు, మూతలు తీసి తీసి వడ్డించే మనుషులు. బయట ఎండలో వరుస కట్టినవారికి చేతిలో వంగిపోయే పల్చటి కాగితపు పళ్లెం. కూర కూడా ఒక్కోసారి రెండు రకాలు! మేమూ ఆ లోపలి గదిలో కూర్చున్నవాళ్లమే కాబట్టి ఇది ఎవరినో వేలెత్తి చూపడం కాదు, మమ్మల్ని మేము నిలదీసుకోవడం. కొరింథులోనూ ఇదే జరిగింది. స్థోమత ఉన్నవారు ముందుగా వచ్చి కడుపారా తినేవారు, లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. పౌలు వారిమీద ఎంతగా మండిపడ్డాడంటే, మీరు తినేది ప్రభువు భోజనమే కాదని తేల్చేశాడు (1 కొరింథీ 11:20-22). బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు చూపించే సంఘాన్ని యాకోబు కూడా గట్టిగానే గద్దించాడు (యాకోబు 2:1-4).

కళాయి వేయడం నేటి పిల్లలు చూసి ఉండరు. ఒకప్పుడు కళాయివాళ్లు వీధిలో కొలిమి పెట్టుకుని, ఇత్తడి, రాగి గిన్నెలను కాల్చి, నవసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో గిన్నె లోపలంతా రుద్దేవారు. తెల్లని పొగ లేచేది, గిన్నె లోపలి భాగం వెండిలా మెరిసేది. కళాయి పోయిన ఇత్తడి గిన్నె బయట ఎంత తోమినా తళతళలాడుతుంది. కాని అందులో పచ్చిపులుసు పోస్తే చిలుము దిగి పులుసు విషమవుతుంది. అందుకే కళాయి బయటికి కాదు, లోపలికే వేస్తారు. చూసేవాడి కోసం కాదు, తినేవాడి కోసం వేస్తారు. గిన్నెను, పళ్లేన్ని వెలుపల శుద్ధి చేసి లోపల దురాశను దాచుకున్న పరిసయ్యులతో ముందు లోపలిది శుద్ధి చేసుకోమని యేసుక్రీస్తు చెప్పింది (మత్తయి 23:25,26) మన కళాయివాళ్లకు బాగా అర్థమయ్యే మాట. మన డిన్నర్ సెట్ బయట మెరుస్తోంది సరే, మన వడ్డన లోపల కళాయి ఉందా?

దావీదు రాజయ్యాక సౌలు వంశంలో ఎవరైనా మిగిలారా అని వెదికించాడు. యోనాతాను కొడుకు మెఫీబోషెతు దొరికాడు. రెండు కాళ్లూ కుంటివాడు, ఓడిపోయిన రాజవంశంవాడు, లోదెబారులో ఎవరి ఇంట్లోనో తలదాచుకున్నవాడు. అతడికి పొలం తిరిగి ఇచ్చి పంపితే చాలు, అందరూ దావీదును మెచ్చుకునేవారు. దావీదు అంతటితో ఆగలేదు. ఎల్లప్పుడూ తన బల్ల దగ్గరే భోజనం చేయాలన్నాడు (2 సమూయేలు 9). బల్ల కింద కుంటి కాళ్లు కనబడవు. రాజకుమారుల ముందున్న పళ్లేలే అతడి ముందూ ఉంటాయి. కృప అంటే అదే. దానం దూరం నుంచి ఇవ్వచ్చు, కృప మాత్రం పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

కొందరు అడగవచ్చు, రోజూ వాడితే పగిలిపోవా అని. పగలవచ్చు. కాని ఇరవై ఏళ్లు పగలకుండా ఉన్న పళ్లెం కంటే, కూతురి పుట్టినరోజున పగిలిన పళ్లెం ఎక్కువ పని చేసినట్టు లెక్క. షోకేసు లేనివారు, సెట్ లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. దీనికోసం అప్పుచేసి, చిట్టీ ఎత్తి కొత్త సెట్ కొనమని మేము చెప్పడంలేదు. అది ఇంకో బానిసత్వం. ఉన్న స్టీలు పళ్లేన్ని చింతపండుతో తోమి, తుడిచి, పప్పు గిన్నెలోకి తీసి, పక్కన ఉల్లిగడ్డ ముక్క, నిమ్మకాయ బద్ద పెట్టి, 'కూర్చోండి, తిందాం' అని అందరినీ ఒకేసారి పిలిస్తే అదే రాజభోజనం. అబ్రాహాము తన గుడారానికి వచ్చిన బాటసారులకు వడ్డించి, వారు తింటున్నంతసేపూ చెట్టుకింద వారి పక్కన నిలబడ్డాడు (ఆదికాండము 18:8). ఆయన ఏ పాత్రలో వడ్డించాడో బైబిలు చెప్పలేదు. నిలబడ్డాడన్నది మాత్రం చెప్పింది.

కాబట్టి ఈ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వెళ్లాక ఒక పని చేద్దాం. షోకేసు తాళం తీసి, మంచి పళ్లేలు దించి, మొదటి పళ్లెం రోజూ చివర తినే ఆమె ముందు పెడదాం. ఈ ఒక్కపూట వడ్డన మగవాళ్లు చేయాలి. రెండోది ఇంటి ముసలివారికి, తర్వాత పిల్లలకు. గల్ఫ్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేసి ఆ బల్లను చూపిద్దాం. తాను పంపింది తనవాళ్లకు చేరిందని అతడు కళ్లారా చూడాలి. మరునాడు పనిమనిషి వచ్చినప్పుడు, మగ్గం కార్మికుడు గడపలో నిలబడినప్పుడు, అదే గ్లాసులో నీళ్లు, అదే పళ్లెంలో అన్నం పెడదాం. కిటికీ గట్టుమీది గ్లాసును లోపలికి తెచ్చి మిగతావాటిలో కలిపేద్దాం. ఏది ఏదో మనకే తెలియకుండా పోవాలి.

మేమూ సిరిసిల్లలోని ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలనుకుంటున్నాం. ఆనాడు మింగిన మాటను ఈసారి ప్రేమతో, ఎవరినీ నొప్పించకుండా చెప్పాలి. చెప్పేముందు మా ఇంటి కిటికీ గట్టు కూడా చూసుకోవాలి.

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరాన నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టెలతో శిష్యుల కోసం ఎదురుచూశాడు (యోహాను 21:9-12). వాళ్లు ఆయన్ని విడిచి పారిపోయినవాళ్లు. ఒకడైతే ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. బొంకినవాడికి వేరే పళ్లెం పెట్టలేదు ప్రభువు. అందరినీ రమ్మని పిలిచి తన చేత్తోనే వడ్డించాడు. ఆ బల్ల దగ్గర చోటు దొరికిన మనం మన బల్ల దగ్గర ఎవరికి చోటు లేదంటాం?